అనుమానం వచ్చిన తర్వాత మొదటి 24 గంటలు

(విశాఖపట్నంలో ఉపాధ్యాయులు, హాస్టల్ వార్డెన్లు, అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు, మహిళా పోలీసుల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పిల్లల మీద జరిగే అఘాయిత్యం మొదట కనబడేది మీ కళ్లకే. డాక్టరు దగ్గరికీ జడ్జి దగ్గరికీ అది చాలా ఆలస్యంగా చేరుతుంది, చాలాసార్లు చేరనే చేరదు. అందుకని ఈ పూట సెక్షన్ల గురించి అవసరమైనంతే చెప్పి, మీ చేతిలో ఉండే మొదటి 24 గంటల గురించి వివరంగా మాట్లాడతాను.

పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. 18 ఏళ్లు నిండనివాళ్లంతా, ఆడపిల్లయినా మగపిల్లవాడైనా, దాని రక్షణ కిందికి వస్తారు. 19వ సెక్షన్ ప్రకారం లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లూ, జరగవచ్చని భయపడుతున్నవాళ్లూ పోలీసులకు చెప్పి తీరాలి. 'నాకు పూర్తిగా తెలిస్తే చెబుతాను' అనుకునేవాళ్లు ఆ రెండో మాటను గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. అనుమానం ఉన్న మనిషి రేపు కూడా ఆ ఇంట్లోనే, ఆ ఆటోలోనే, ఆ ట్యూషన్ గదిలోనే ఉంటాడు. నిన్న ఏం జరిగిందో మీకు రూఢిగా తెలియకపోయినా, రేపు జరగవచ్చన్న భయం మీకుంది. చట్టానికి అది చాలు. నిజమా కాదా తేల్చే పని పోలీసులది, డాక్టరుది, కోర్టుది. మంచి మనసుతో చెప్పిన సమాచారం తర్వాత రుజువు కాకపోయినా మీమీద సివిల్ కేసు గాని, క్రిమినల్ కేసు గాని రాదని అదే సెక్షన్ ఏడో ఉపవిభాగంలో ఉంది. చెప్పకపోతే 21వ సెక్షన్ ప్రకారం 6 నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సంస్థ పెద్ద, అంటే హెడ్‌మాస్టరో కరస్పాండెంటో హాస్టల్ అధికారో, తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాచిపెడితే సంవత్సరం వరకు జైలు, జరిమానా కూడా. సమాచారం వచ్చినా నమోదు చెయ్యని పోలీసు అధికారికి కూడా ఈ 21వ సెక్షనే వర్తిస్తుంది. ఒక హాస్టల్ ఆడపిల్లల కేసులో, విషయం తెలిసీ చెప్పని డాక్టరు మీద కేసును కొట్టేయడం కుదరదని సుప్రీంకోర్టు 2022 నవంబరు 2న తీర్పు ఇచ్చింది.

ఇంత స్పష్టంగా ఉన్నా సమాచారం ఎక్కడ ఆగిపోతోంది? దాదాపు అన్నిచోట్లా ఒకే దారిలో ఆగుతోంది. పిల్ల టీచరుకు చెబుతుంది. టీచరు హెడ్‌మాస్టరుకు చెబుతారు. హెడ్‌మాస్టరు 'ముందు మనం తెలుసుకుందాం' అని పిల్లను గదిలోకి పిలిచి, నలుగురి ముందు మళ్లీ చెప్పిస్తారు. తర్వాత తల్లిదండ్రులకు కబురు వెళుతుంది. తర్వాత ఊరి పెద్దో కాలనీ పెద్దో వస్తాడు. తర్వాత అసలు మనిషినే పిలిచి 'నువ్విలా చేశావా' అని అడుగుతారు. వాడు ఆ సాయంత్రమే ఫోన్లో ఉన్నవన్నీ చెరిపేస్తాడు, పిల్ల తల్లిని బెదిరిస్తాడో కాళ్లు పట్టుకుంటాడో చేస్తాడు. వారం తర్వాత పోలీసులు వచ్చేసరికి పిల్ల 'ఏమీ జరగలేదు' అంటుంది. ఈ వరసలో చెడ్డ ఉద్దేశం ఉన్నవాడు ఒక్కడే. మిగతావాళ్లంతా జాగ్రత్తగా ఉన్నామనుకుంటూనే కేసును, అంతకన్నా ముఖ్యంగా పిల్లకు మనమీద ఉన్న నమ్మకాన్ని పోగొడతారు.

ఇప్పుడు గుర్తించడం గురించి. ముందు ఒంటి మీది దెబ్బలు చూద్దాం.

ఆడుకునే పిల్లలకు మోకాళ్లకూ మోచేతులకూ నుదుటికీ దెబ్బలు తగులుతాయి. ఎముక పైకి ఉండే చోట్లు అవి. చెవి మీద, మెడ మీద, కడుపు, ఛాతీ, వీపు మీద, తొడల లోపలివైపు కమిలిన మచ్చలు పడిపోతే సాధారణంగా వచ్చేవి కావు. నాలుగేళ్లలోపు పిల్లలకు మొండెం, చెవి, మెడ వీటిలో ఎక్కడైనా కమిలిన మచ్చ కనబడితే పరీక్ష చేయించాలి. ఇంకా పాకడం రాని బిడ్డకు, ముఖ్యంగా నాలుగు నెలలలోపు బిడ్డకు, ఒంటి మీద ఎక్కడ కమిలినా దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. తనంతట తాను కదలలేని బిడ్డకు దెబ్బ ఎలా తగులుతుంది? అలాగే ఇంకా నడవని బిడ్డకు తొడ ఎముక విరిగిందంటే ఆస్పత్రిలో ఆ ప్రశ్న వెయ్యాల్సిందే. వైరుతోనో బెల్టుతోనో కొడితే మడత పెట్టిన తీగ ఆకారంలో జంట గీతలు పడతాయి. చెంపదెబ్బ వేళ్ల అచ్చులతో కనబడుతుంది. మచ్చ రంగు చూసి 'ఇది మూడు రోజుల కిందటిది' అని చెప్పేవాళ్లుంటారు, కానీ రంగుతో రోజులు లెక్కకట్టడం డాక్టర్లకే సాధ్యం కాదు. మీ రాతలో ఆ అంచనా పెట్టకండి. ఎక్కడుంది, ఎంత ఉంది, ఏ ఆకారంలో ఉంది, ఇంతే రాయండి.

కాలిన గాయాల్లో అంచును చూడాలి. వేడినీళ్లు పొరపాటున ఒలికితే పైనుంచి కిందికి జారిన చారలు, అక్కడక్కడా చిందిన చుక్కలు ఉంటాయి. బిడ్డ కాలో చెయ్యో పట్టుకుని ముంచితే మేజోడు తొడిగినట్టు చుట్టూ ఒకే గీతతో అంచు ఉంటుంది. సిగరెట్‌తో కాలిస్తే గుండ్రంగా, దాదాపు 8 నుంచి 10 మిల్లీమీటర్ల మచ్చ పడుతుంది. అయితే చీము పొక్కులు ఎండినప్పుడు కూడా కొంచెం అలాగే కనబడతాయి. మన పిల్లల్లో చాలామందికి నడుము కింద, పిర్రల మీద పుట్టుకతోనే నీలిరంగు మచ్చలుంటాయి, వాటిని చూసి దెబ్బలనుకున్న సందర్భాలున్నాయి. రక్తం గడ్డకట్టని జబ్బులుంటే చిన్న తాకిడికే కమిలిపోతుంది. ఇవన్నీ తేల్చడం పిల్లల డాక్టరు పని. మీరు తేల్చాలని ఈ మాట చెప్పడం లేదు, తేల్చకుండానే పంపించమని చెబుతున్నాను.

పసిబిడ్డకు జబ్బు చేస్తే కాల్చిన ఇనుముతో కడుపు మీద వాతలు పెట్టే అలవాటు కొన్నిచోట్ల ఇంకా పోలేదు. పెట్టినవాళ్లు బిడ్డ బాగుపడాలనే పెడతారు. కానీ కాలింది కాలిందే. అంతకన్నా ప్రమాదం, లోపలున్న న్యుమోనియానో కామెర్లో ముదిరిపోతుంది. ముందు బిడ్డ ఆస్పత్రికి చేరాలి, తర్వాత పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ వెళ్లాలి. తల్లిని దోషిలా నిలబెడితే ఆ ఇంటి తలుపు ఆశా కార్యకర్తకు మళ్లీ తెరుచుకోదు.

బడిలో కొట్టడం గురించి ఒక్క మాట, ఇక్కడ టీచర్లున్నారు కాబట్టి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. గోడకుర్చీ, ఎండలో నిలబెట్టడం, తొడపాశం, కులం పేరుతో తిట్టడం అన్నీ అందులోకే వస్తాయి. దానికి ఇంకో నష్టం కూడా ఉంది. బెత్తం పట్టుకునే టీచరు దగ్గరికి వచ్చి పిల్లలు ఇంట్లో జరిగేది చెప్పరు.

లైంగిక హింస దగ్గరికి వచ్చేసరికి ఒంటి మీద గుర్తుల కోసం వెతకడం తప్పుదారి పట్టిస్తుంది. నూటికి 90 మందికి పైగా పిల్లల్లో వైద్యపరీక్షలో ఏ గాయమూ కనబడదు. ముట్టుకోవడం, తడమడం, ఫోన్లో చూపించడం గాయాలు చెయ్యవు. చేసినా అక్కడి చర్మం కొద్ది రోజుల్లోనే మానిపోతుంది. 'డాక్టరు ఏమీ లేదన్నారు' అంటే 'ఏమీ జరగలేదు' అని అర్థం చేసుకోకండి. అదే సమయంలో మూత్రం పోసేటప్పుడు మంట, రక్తం, తెల్లబట్ట, కూర్చోవడానికి ఇబ్బంది, లోదుస్తుల మీద మరకలు, చిన్నపిల్లల్లో సుఖవ్యాధి లక్షణాలు ఉంటే అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఎక్కువగా కనబడేది నడవడికలో మార్పు. ఒక్క గుర్తుతో నిర్ణయానికి రాకూడదు. అంతకుముందు లేనిది హఠాత్తుగా మొదలవడం, అది ఒక మనిషికో ఒక చోటుకో ముడిపడి ఉండటం, ఈ రెండూ కలిస్తే పట్టించుకోవాలి. పక్క తడపడం మానేసిన పిల్ల ఏడేళ్లప్పుడు మళ్లీ మొదలుపెట్టింది. సోమవారం ఉదయం మాత్రమే కడుపునొప్పి అంటోంది. ఒకే ఆటో ఎక్కనని మొండికేస్తోంది. ట్యూషన్ రోజున జ్వరం వస్తోంది. బాగా చదివేవాడి మార్కులు ఒక్కసారిగా పడిపోయాయి. వయసుకు తెలియకూడని పనులు బొమ్మలతోనో తోటి పిల్లలతోనో చేసి చూపిస్తోంది. చేతికి ఎక్కడిదో కొత్త ఫోన్ వచ్చింది, ఎవరిచ్చారో చెప్పదు. చేతుల మీద బ్లేడు గీతలు. ఇంట్లోవాళ్లు 'గాలి సోకింది' అని తాయెత్తు కట్టించి ఊరుకున్న కేసుల్లో కొన్ని ఇవే. మరికొందరు పిల్లలు అతిమంచిగా తయారవుతారు. ఏ పని చెప్పినా చేస్తారు, ఎవరినీ నొప్పించరు. వాళ్ల మీద ఎవరి దృష్టీ పడదు.

మన కుటుంబాల్లో వరస అనేది ఒక ముసుగుగా పనికొస్తోంది. మేనమామ, బావ వరసయ్యేవాళ్లు ఆడపిల్లను ఆటపట్టించడం, బుగ్గ గిల్లడం, ఒళ్లో కూర్చోబెట్టుకోవడం మనకు తప్పుగా అనిపించదు. 'నా పెళ్లాం ఇదేరా' అని నాలుగేళ్ల పిల్లను చూపించి నలుగురూ నవ్వే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అందరూ అలా ఉంటారని నేననడం లేదు. కానీ పిల్లకు ఇష్టం లేదని మొహంలో తెలుస్తున్నా, తోసేస్తున్నా, 'మావయ్యే కదా, ముద్దు పెట్టు' అని తల్లే బలవంతం చేసినప్పుడు, తన ఒంటి మీద తనకు మాట లేదని ఆ పిల్లకు నేర్పిస్తున్నాం. అంగన్‌వాడీ తల్లుల సమావేశాల్లో ఈ విషయం తప్పకుండా మాట్లాడండి. లైంగిక దాడి కేసుల్లో నిందితులు నూటికి 90 మందికి పైగా పిల్లలకు ముందే తెలిసినవాళ్లని జాతీయ నేర గణాంకాలు ఏటా చెబుతున్నాయి.

మగపిల్లల గురించి కూడా. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ప్రచురించిన అధ్యయనం 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడింది. 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందన్నారు, అందులో సగానికి పైగా మగపిల్లలు. ఎక్కువగా నమోదైన నాలుగు రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మగపిల్లవాడు చెప్పుకుంటే 'నువ్వు ఎదిరించలేకపోయావా' అంటారు. హాస్టళ్లలో పెద్ద పిల్లలు చిన్నపిల్లలను వేధించడం చాలాచోట్ల ర్యాగింగ్ లెక్కలో కొట్టుకుపోతుంది. వార్డెన్లు రాత్రి పది తర్వాత స్నానాల గదుల వైపు, మేడ మీదికి ఒకసారి నడవాలి. తలుపు గడియలు లోపలినుంచి పడుతున్నాయో లేదో చూడాలి.

ఇక పిల్ల మీ దగ్గరికి వచ్చి చెప్పినప్పుడు ఏం చెయ్యాలి. నిజానికి జరిగిందంతా ఒక్కసారిలో చెప్పే పిల్లలు తక్కువ. 'టీచర్, నాకు ఇంటికెళ్లాలని లేదు' అంటుంది. 'మా ఫ్రెండుకు ఇలా జరిగితే ఏం చెయ్యాలి' అంటుంది. మీ మొహం ఎలా మారుతుందో చూసి, మిగతాది చెప్పాలో వద్దో అప్పుడు నిర్ణయించుకుంటుంది. కాబట్టి అదిరిపడకండి, ఏడవకండి, 'ఛీ, వాడు అలాంటివాడా' అనకండి. వాడంటే ఆ పిల్లకు ప్రేమ కూడా ఉండవచ్చు.

పక్కన ఎవరూ లేని, కానీ బయటికి కనబడే చోట కూర్చోండి. 'చెప్పు తల్లీ, వింటున్నాను' అనండి. పిల్ల ఆగితే మీరూ ఆగండి. 'తర్వాత ఏమైంది?' అన్న ప్రశ్న చాలు. 'మావయ్య ఇక్కడ ముట్టుకున్నాడా?' అని మీరు పేరు, చోటు అందించకూడదు. ఎందుకంటే రేపు కోర్టులో ఎదుటి వకీలు వేసే మొదటి ప్రశ్న 'ఇది టీచరే నేర్పించింది కదా' అనేదే. 'ఎందుకు అరవలేదు, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు' లాంటివి అసలొద్దు, అవి నేరాన్ని పిల్ల నెత్తిన పెడతాయి. మీకు కావలసింది నాలుగే సంగతులు: ఏం జరిగింది, ఎవరు, ఆఖరిసారి ఎప్పుడు, ఈ రాత్రి ఆ మనిషి ఉండే చోటికే పిల్ల వెళుతుందా. అవి తెలిశాక ఆపెయ్యండి.

'ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి' అని అడుగుతుంది. ఒట్టు వెయ్యకండి. 'నువ్వు నాకు చెప్పడం మంచిపని. ఇందులో నీ తప్పేమీ లేదు. నిన్ను కాపాడటానికి ఇద్దరు ముగ్గురికి చెప్పాలి, ఎవరికి చెబుతున్నానో నీకు చెప్పే చెబుతాను' అనండి. చేస్తామన్నది చెయ్యలేకపోతే ఆ పిల్ల ఇంకెప్పుడూ ఎవరికీ చెప్పదు. 'వాణ్ని జైల్లో వేయిస్తాను' అని కూడా మాట ఇవ్వకండి.

పిల్ల వెళ్లిన గంటలోపు కాగితం మీద పెట్టండి. తేదీ, సమయం, చోటు, మీరేం అడిగారు, పిల్ల ఏమంది. పిల్ల మాట పిల్లదిగానే ఉండాలి. 'ఉచ్చ పోసుకునే చోట వేలు పెట్టాడు' అంటే అలాగే రాయండి. దాన్ని 'అసభ్యంగా ప్రవర్తించాడు' అని మర్యాదగా మార్చారంటే, కనీసం 20 ఏళ్ల శిక్ష పడే నేరం మూడేళ్ల నేరంలా కనబడుతుంది. పిల్ల ఏడ్చిందా, వణికిందా, నవ్వుతూ చెప్పిందా అన్నదీ రాయండి. మీ అభిప్రాయం వేరే వాక్యంలో, అది అభిప్రాయమని తెలిసేలా ఉండాలి. కింద సంతకం, తేదీ. ఫోన్లో వీడియో తియ్యకండి, రహస్యాంగాల ఫొటో ఎట్టి పరిస్థితుల్లోనూ తియ్యకండి, స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క కూడా పెట్టకండి. పిల్ల పేరు, బడి, ఇల్లు, కుటుంబం తెలిసేలా మీడియాలో బయటపెడితే 23వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడతాయి.

ఎవరికి చెప్పాలి? 1098 పిల్లల హెల్ప్‌లైన్, 24 గంటలూ పనిచేస్తుంది, ఉచితం. ప్రాణాపాయం ఉంటే, మనిషి ఇంకా అక్కడే ఉంటే 112. పోక్సో నేరమైతే 1098కి చెప్పడంతో ఆగకుండా పోలీసులకు చెప్పండి, చట్టం పేరు పెట్టి చెప్పింది వాళ్లకే. ప్రతి స్టేషన్లో పిల్లల కోసం ప్రత్యేకించిన బాల సంక్షేమ పోలీసు అధికారి ఉంటారు, ఆయననే అడగండి. మీ వార్డు సచివాలయంలోని మహిళా పోలీసు మీకు తోడు వస్తారు, కానీ ఆమెకు చెప్పి ఊరుకుంటే స్టేషన్లో చెప్పినట్టు కాదు. హెడ్‌మాస్టరుకు తెలియజెయ్యండి, అనుమతి కోసం మాత్రం ఎదురుచూడకండి. చెప్పే బాధ్యత మనిషి మనిషికీ విడిగా ఉంది.

'ఇది మా పరిధి కాదు' అన్న మాట మన దగ్గర ఎక్కువ వినబడుతుంది. 2022 ఏప్రిల్‌లో పాత విశాఖ జిల్లా మూడు జిల్లాలయింది. పాడేరు వైపు నుంచి వచ్చిన పిల్ల గాజువాక హాస్టల్లో ఉంటుంది, జరిగింది సెలవుల్లో ఊళ్లో. గాజువాక స్టేషన్లోనే ఫిర్యాదు తీసుకోవాలి. అది జీరో ఎఫ్ఐఆర్, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్లో ఉంది. మీ సమాచారానికి నమోదు సంఖ్య వెయ్యాలి, రాసింది మీకు చదివి వినిపించాలి. ఎఫ్ఐఆర్ ప్రతి ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే నగరంలో పోలీస్ కమిషనరుకు స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు దాచండి. ఆ తర్వాత మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లవచ్చు. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లలకు, స్టీల్‌ప్లాంటు చుట్టుపక్కల పనులకు వచ్చిన ఒడిశా, బీహార్ కుటుంబాల పిల్లలకు దుబాసీని ఏర్పాటు చెయ్యాల్సింది పోలీసులే. ఆ పని ఇంట్లోవాళ్ల చేత చేయించకూడదు. నిందితుడు ఆ ఇంట్లోవాడే అయితే పిల్ల మాట అక్కడే మారిపోతుంది.

పిల్ల వాంగ్మూలాన్ని ఇంట్లోనో పిల్లకు నచ్చిన చోటో, వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా తీసుకోవాలి. రాత్రిపూట పిల్లను స్టేషన్లో ఉంచకూడదు. జీపు బడి ముందుకు వచ్చి ఆగిందంటే, చెప్పండి, ఇది పద్ధతి కాదని. పోలీసులు 24 గంటల్లోపు బాలల సంక్షేమ కమిటీకీ ప్రత్యేక కోర్టుకూ తెలియజెయ్యాలి. నిందితుడు అదే ఇంట్లో ఉంటే పిల్లను కమిటీ ముందుకు తీసుకురావాలి. పిల్ల ఎక్కడుండాలో కమిటీ మూడు రోజుల్లో నిర్ణయిస్తుంది, పిల్ల ఇష్టాన్ని అడిగి. అమ్మమ్మ ఇల్లో పిన్ని ఇల్లో క్షేమంగా ఉంటే ఆ సంగతి మీరే కమిటీకి చెప్పవచ్చు. ప్రతి పిల్లా హోంకే వెళ్లాలని లేదు.

ఆస్పత్రి సంగతి గడియారంతో ముడిపడింది. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందు 72 గంటల్లోపు మొదలవ్వాలి, ఎంత తొందరగా అయితే అంత మంచిది, 28 రోజులు వాడాలి. గర్భం రాకుండా ఇచ్చే మాత్ర కూడా 72 గంటల్లోపే బాగా పనిచేస్తుంది. ఒంటి మీది ఆధారాలు 96 గంటల వరకు సేకరిస్తారు. కాబట్టి స్నానం చేయించకండి, బట్టలు ఉతకకండి. మార్చుకుని ఉంటే ఆ బట్టలు పాతవార్తాపత్రికలోనో కాగితం సంచిలోనో పెట్టండి. పాలిథిన్ కవరులో పెడితే చెమ్మకు బూజుపట్టి ఆధారం పాడవుతుంది, మన సముద్రపుగాలిలో ఇంకా తొందరగా. స్నానం అయిపోయినా, బట్టలు ఉతికేసినా ఆస్పత్రికి వెళ్లడం మానకండి.

ప్రభుత్వ ఆస్పత్రులైన కేజీహెచ్‌కు గాని, ఘోషా ఆస్పత్రికి గాని, దగ్గర్లోని ప్రైవేటు ఆస్పత్రికి గాని నేరుగా వెళ్లవచ్చు. ఎఫ్ఐఆర్ తెమ్మని, మేజిస్ట్రేటు కాగితం తెమ్మని అడిగి అత్యవసర వైద్యం ఆపకూడదు. ప్రైవేటు ఆస్పత్రి అయినా ప్రథమ చికిత్స, వైద్యం ఉచితంగానే చెయ్యాలి. ఆడపిల్లను మహిళా డాక్టరే పరీక్షించాలి, పిల్ల నమ్మే మనిషి పక్కన ఉండాలి. అలాంటివాళ్లు లేకపోతే ఆస్పత్రి పెద్ద ఒక మహిళను నియమిస్తారు. రహస్యాంగంలో వేళ్లు పెట్టి చూసే రెండు వేళ్ల పరీక్ష చెయ్యకూడదని, చేస్తే అది దుష్ప్రవర్తన కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 2022 అక్టోబరు 31న చెప్పింది. 'పిల్ల సంభోగానికి అలవాటు పడింది' లాంటి రాత రిపోర్టులో కనబడితే అడ్డు చెప్పండి.

పెద్దమనుషుల రాజీ గురించి కొంచెం గట్టిగానే చెబుతాను. 'పిల్ల పెళ్లి సంగతి చూడాలి కదా', 'ఇంత డబ్బిప్పిస్తాం', ఆఖరికి 'వాడికే ఇచ్చి చేద్దాం' అంటారు. జాలరిపేటలోనైనా, కలిగినవాళ్లుండే ఎంవీపీ కాలనీలోనైనా మాటలు అవే, ఇచ్చే డబ్బు ఎంతన్నదే మారుతుంది. పోక్సో నేరానికి రాజీ లేదు. ఒక ఉపాధ్యాయుడి కేసులో తండ్రి రాజీకి ఒప్పుకున్నాడని హైకోర్టు కొట్టేసిన కేసును, 2024 నవంబరులో సుప్రీంకోర్టు తిరిగి నిలబెట్టింది. రాజీ కూర్చోబెట్టినవాడికి ఏం జరిగిందో తెలుసు, తెలిసీ పోలీసులకు చెప్పలేదు. ఆ మాట వాళ్లకు అక్కడే గుర్తుచెయ్యండి, సగం పంచాయితీలు అక్కడే లేచిపోతాయి.

ఫోన్ల విషయం. పిల్ల ఫొటోనో వీడియోనో పట్టుకుని బెదిరిస్తుంటే డబ్బు పంపొద్దు, చాట్ చెరిపెయ్యొద్దు, ఫోన్ ఫార్మాట్ చెయ్యొద్దు. అకౌంట్ పేరు, లింకు, తేదీ, సమయం రాసుకోండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో పిల్లల లైంగిక దృశ్యాల మీద పేరు చెప్పకుండానే ఫిర్యాదు ఇవ్వవచ్చు. రుజువు కోసమని ఆ వీడియోను ఇంకొకరికి పంపించకండి. అలాంటివి చూసీ చెరపకుండా, పోలీసులకు చెప్పకుండా దాచుకోవడం కూడా నేరమేనని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పిల్ల ఫోన్‌ను అలాగే పోలీసుల చేతికి ఇవ్వండి.

పదహారు, పదిహేడేళ్ల పిల్లలు ఇష్టపడి కలిసిన సందర్భాలు మిమ్మల్ని ఇరకాటంలో పెడతాయి. చట్టం ప్రకారం 18 లోపు సమ్మతికి విలువ లేదు, చెప్పే బాధ్యతా పోదు. అయితే గర్భం తీయించుకోవడానికి వచ్చిన మైనరు పేరు, వివరాలు పోలీసులకు ఇచ్చే సమాచారంలో డాక్టరు బయటపెట్టనక్కర్లేదని, పిల్లా సంరక్షకులూ అడిగితే దాచవచ్చని, 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు అంది. ఏఎన్ఎంలు ఈ సంగతి తెలిసి ఉండాలి. కేసు భయంతో నాటువైద్యం దగ్గరికి వెళితే పిల్ల ప్రాణమే పోతుంది.

లైంగిక నేరం కాని హింసకు, పస్తులుంచడానికి, ఇంటిపనికి పెట్టి కొట్టడానికి 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ ఉంది. వీటికి 1098, బాలల సంక్షేమ కమిటీ మీ దారి. బాల్యవివాహమైతే అంగన్‌వాడీలను చూసే ఐసీడీఎస్ అధికారి సీడీపీవోకు కూడా చెప్పండి. తాళి కట్టకముందే, మండపం వేస్తున్నారని తెలిసిన రోజే చెప్పాలి.

కేసు పెట్టాక చాలామంది చేతులు దులుపుకుంటారు. పిల్లకు అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. కోర్టులో విచారణ తలుపులు మూసి జరుగుతుంది, నిందితుడు పిల్లకు కనబడకూడదు, వకీలు ప్రశ్నలు జడ్జి ద్వారానే అడగాలి. పిల్ల సాక్ష్యం 30 రోజుల్లో, విచారణ ఏడాదిలో పూర్తి కావాలని చట్టం అంటుంది, ఆచరణలో ఆలస్యమవుతుంది. అందుకని కేసు పొడవునా పిల్లకు తోడుండే సపోర్ట్ పర్సన్‌ను ఇమ్మని బాలల సంక్షేమ కమిటీని మొదటివారంలోనే అడగండి. బట్టలకు, తిండికి, ప్రయాణ ఖర్చులకు కమిటీ సిఫారసు చేస్తే వారంలోపు సాయం అందాలి, మధ్యంతర పరిహారం ప్రత్యేక కోర్టు ఇస్తుంది. వకీలు కావాలంటే జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో ఉచితం. పిల్ల నిద్రపోకపోయినా, చచ్చిపోతానన్నా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416.

బడికి తిరిగి వచ్చిన రోజున ప్రత్యేకంగా చూడకండి, పాత బెంచీలోనే కూర్చోనివ్వండి. విషయం తెలిసిన టీచరు ఒక్కరే ఉంటే చాలు. టీసీ తీసుకుని వెళ్లిపొమ్మని ఎవరూ సూచించకూడదు. ఆ మాట యాజమాన్యం నుంచి వస్తే రాతపూర్వకంగా ఇమ్మనండి. నిందితుడు బడి మనిషే అయితే కదలాల్సింది అతను. కోర్టు వాయిదా రోజుకు హాజరు వెయ్యండి. వాయిదా పరీక్ష రోజున పడితే సమన్లు చేతికందిన వెంటనే సపోర్ట్ పర్సన్ ద్వారా ప్రత్యేక పబ్లిక్ ప్రాసిక్యూటరుకు హాల్‌టికెట్ నకలు పంపండి, తేదీ మార్చమని ఆయన కోర్టును అడుగుతారు.